మూడు కిలోల ముచ్చట

సినిమా పేజీలో పిట్టల గోలేమిటని విసుక్కోకండి. షూటింగుల్లో స్టిల్సు తీసీ తీసీ నా చేతులకు తిరుగులేదనుకున్నాను. పాల్వంచ దగ్గర కిన్నెరసాని జలాశయం ఆ గర్వం కాస్తా దించేసింది!

నా నికాన్ 200-500 లెన్సు ఒక్కటే 2.3 కిలోలు. కెమెరాతో మూడు దాటుతుంది. ట్రైపాడ్ పెట్టొచ్చుగా అంటారా? లకుముకి పిట్ట వేగానికి అది తిరిగేలోపు పిట్ట నీళ్లలో ఉంటుంది. నల్లతెల్ల లకుముకి గాలిలో నిలబడి రెక్కలాడించిన ఆ నాలుగు క్షణాలకే నా చేతులు వణికాయి. ఫొటో నిండా మసకే.

ఇంటికొచ్చి రోజూ మూడు లీటర్ల నీళ్లడబ్బా కంటి ఎత్తున పట్టుకున్నాను. మొదటిరోజు ఇరవై లెక్కపెట్టేసరికి చెమటలు. "బిందెలు మొయ్యరా, ఇంటికైనా పనికొస్తుంది" అని అమ్మ సణుగుడు. మోచేతులు పక్కటెముకలకానించి, ఎడమచెయ్యి లెన్సు కింద ముందుకు జరిపాక సగం బరువు తగ్గినట్టనిపించింది.

మూడు నెలలకు మళ్లీ వెళ్లాను. గట్టుమీది జాలరి నవ్వాడు. "పొద్దాక ఎత్తి పట్టుకుంటారేంది సార్? కొమ్మ మీద తల ఊపుద్ది చూడండి, అప్పుడెత్తండి."

దించాను. పిట్ట తల ఊపింది. ఎత్తాను. సెకనులో 2000వ వంతు... ముక్కున చేప మెరిసింది.