మంచు మెత్తబడక ముందే

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు ఫోన్ చేశారు. "పాత విద్యార్థులందరూ కష్టపడి చదువుకోండి అనే రాస్తున్నారన్నా, మీరన్నా వేరేది రాయండి" అన్నారు. అందుకని మేము 2009 మే నెలలో హిమాలయాలకు పోయిన సంగతి రాస్తున్నాను. పోయింది ముగ్గురం. కనుమ దాటింది ఇద్దరు. దాటనివాణ్ణి నేను. ప్లాన్ మొత్తం వేసింది కూడా నేనే.

మన హాస్టల్లో మనుషుల పేర్లకంటే ఊర్ల పేర్లే ఎక్కువ నడుస్తాయి కదా. ఆ లెక్కన ఒకడు అచ్చంపేట, ఇంకొకడు కల్వకుర్తి, నేను దేవరకొండ. 1994లో పదో తరగతి రాసిన బ్యాచ్. 2009 నాటికి అచ్చంపేట ఆర్టీసీలో కండక్టరు, కల్వకుర్తి బ్యాంకులో క్లర్కు, నేను స్కూలు టీచరు. ముగ్గురిలో ఎవరమూ అప్పటిదాకా మంచు చూడలేదు. ఐసు అంటే సోడా బండి మీద గోనె సంచి కప్పిన గడ్డే మాకు.

యూత్ హాస్టల్స్ అసోసియేషన్ వాళ్లు ఎండాకాలంలో హిమాచల్ ప్రదేశ్‌లోని కసోల్ నుండి సర్ పాస్‌కు ట్రెక్కింగ్ నడిపేవారు. పాస్ అంటే కనుమ. సర్ అంటే అక్కడి భాషలో చెరువు. ఆ చెరువు మే నెలలో కూడా గడ్డకట్టి మంచు కింద ఉంటుంది. ఎత్తు సుమారు 13,800 అడుగులు. కల్వకుర్తి ఆ కాగితం తెచ్చి చూపించినప్పుడు నేను 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొన్నాను. మొదటి పేజీలో "ఎప్పుడు పోవాలి?" అని రాశాను.

మన దగ్గర ప్రయాణం ముహూర్తం చూసుకుని పెట్టుకుంటాం. అక్కడ మంచు చూసుకుని పెట్టుకోవాలి. చలికాలంలో పడమటి దిక్కు నుండి వచ్చే మబ్బులతో ఆ కొండల మీద మంచు పడుతుంది. ఎత్తైన వాలుల మీద, ఎండ తక్కువగా తగిలే పక్కన, అది జూన్ దాకా కరగకుండా ఉంటుంది. జూన్ చివర వానలు పట్టుకుంటే కొండ చరియలు విరుగుతాయి. అంటే మాలాంటి వాళ్లకు దొరికేది మే, జూన్ మొదటి రోజులు మాత్రమే. నేను మే ఆఖరి వారం అని రాసుకున్నాను. మంచు తక్కువుంటుంది, నడక సులువు అని నా లెక్క.

ఆ లెక్క తప్పని చెప్పింది మిలిటరీలో పనిచేసే మన హాస్టల్ సీనియర్ అన్న. కశ్మీర్‌లో ఉండి వచ్చినవాడు. "మంచు తక్కువుంటే సులువని ఎవడు చెప్పిండురా? వాగు మీద మంచు పైకి మంచిగనే కనిపిస్తది. కింద నీళ్లు పారి పారి దాన్ని తినేస్తయి. ఎండిన చెరువుల పెచ్చు మీద కాలు పెడితే ఏమైతది? గట్లనే" అన్నాడు. చెరువు పెచ్చు అనగానే అర్థమైంది. చిన్నప్పుడు దాని కింద బురదలో మోకాలి దాకా దిగబడ్డవాణ్ణే. "తారీఖు కాదు, టైము చూసుకోండి. రాత్రి గడ్డకట్టిన మంచు పొద్దున దాకా గట్టిగుంటది. ఎండ పడినంక మెత్తబడుతది. మెత్తబడక ముందే దాటాలె" అని కూడా చెప్పాడు.

తెల్లవారుజామున లేవడం మాకు లెక్క కాదు. ట్యాంకులో నీళ్లు అయిపోకముందే స్నానం చేయాలని నాలుగింటికి లేచినవాళ్లం కదా. నోట్‌బుక్‌లో మే ఆఖరి వారం కొట్టేసి రెండో వారం అని రాశాను. ఏప్రిల్ 16న నాకు పోలింగ్ డ్యూటీ ఉండె. అది అయిపోతే సెలవులే. అచ్చంపేటకు పెళ్లిళ్ల సీజన్లో లీవు దొరకడం గగనమైంది గానీ ఎట్లనో సంపాదించాడు.

సామాన్ల దగ్గర ఇంకో తిప్పలు. కోఠిలో ఫుట్‌పాత్ మీద చలికాలంలో నేపాలీలు స్వెటర్లు అమ్ముతారు. మేము ఏప్రిల్‌లో పోతే అక్కడ మామిడిపండ్ల బండ్లు ఉన్నాయి! చివరికి మిలిటరీ అన్ననే రెండు ఉన్ని బనీన్లు, ఒక పాత రక్‌సాక్ ఇచ్చాడు. జీన్స్ ప్యాంటు వద్దన్నాడు, తడిస్తే ఆరదు. నల్ల కళ్లద్దాలు లేకపోతే మంచు మీద ఎండకు కళ్లు మండి మూసుకుపోతాయన్నాడు. మేజోళ్లు నాలుగు జతలు, వాటి మీద వేసుకోవడానికి ప్లాస్టిక్ కవర్లు. అన్నీ కలిపి, రైలు చార్జీలతో మనిషికి ఆరు వేలకు మించొద్దని గీత గీసుకున్నాం.

మార్చి నుండి ఆదివారాలు భువనగిరి గుట్ట ఎక్కేవాళ్లం. అయిదు వందల అడుగుల ఏకశిల అది. వీపు మీద రక్‌సాక్‌లో పది కిలోల బియ్యం. కల్వకుర్తి మొదటివారం సగంలోనే కూర్చుండిపోయాడు, మూడో వారానికి మా ముందు నడిచాడు. అచ్చంపేటకు మాత్రం ఏ ప్రాక్టీసూ అక్కరలేదు. వాళ్ల అమ్మానాయనలు పాలమూరు లేబర్‌గా కాలువ పనులకు దేశమంతా తిరిగినవాళ్లు. హాస్టల్లో చేరకముందు వాడు వాళ్లతోనే గుడారాల్లో పెరిగాడు. "టెంటుల పండుడు నాకు కొత్తనా? నువ్వు పైసలిచ్చి పోతున్నవు, మా నాయినకు పైసలిచ్చి తీస్కపోయిండ్రు" అని నవ్వేవాడు. గుడారానికి వాన నీళ్లు రాకుండా చుట్టూ ఎంత లోతు కాలువ తీయాలో, గాలి ఎటునుంచి వస్తే ద్వారం ఎటు పెట్టాలో వాడికి తెలిసినంత నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఇక నేను చేసిన తప్పు. కసోల్‌కు రెండు రోజులు ముందుగా పోయి ఎత్తుకు అలవాటు పడాలని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. డబ్బులు కలుస్తాయని ఆ రెండు రోజులూ నేనే కొట్టేశాను. ఆంధ్రప్రదేశ్ ఎక్స్‌ప్రెస్ (ఇప్పుడు తెలంగాణ ఎక్స్‌ప్రెస్) దిగి, ఢిల్లీలో బస్సెక్కి, భుంతర్ మీదుగా సరిగ్గా క్యాంపు మొదలయ్యే రోజుకే చేరుకున్నాం. కృత్తిక కార్తె ఎండల నుండి పోయినవాళ్లం. పార్వతి నది ఒడ్డున చెంబుడు నీళ్లు ముఖం మీద పోసుకుంటే పళ్లు జివ్వుమన్నాయి.

కసోల్ 6,500 అడుగులు. మొదటి మజిలీ గ్రహణ్ అనే ఊరు, 7,700. అక్కడి నుండి అడవిలో ఎక్కుడే ఎక్కుడు. మింగ్ థాచ్ క్యాంపు 11,000 అడుగుల పైన. అక్కడే మొదటిసారి మంచును చేత్తో పట్టుకున్నాం. కల్వకుర్తి నోట్లో వేసుకుని "చక్కెర లేదురా" అన్నాడు. నాకు ఆ సాయంత్రమే తలనొప్పి మొదలైంది. ఎవరికీ చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో రాయాలి. ఎనిమిదో తరగతిలో నాకు జ్వరమొస్తే మూడు రోజులు దాచిపెట్టాను. జ్వరమని తెలిస్తే ఇంటికి పంపుతారు. ఇంటికి పోతే మా నాయన మళ్లీ పంపకుండా దొర దగ్గర జీతానికి పెడతాడేమోనని భయం. దుప్పటి ముసుగు పెట్టుకుని, పళ్లెం పట్టుకుని లైన్లో నిలబడి, ఏమీ కానట్టు తిన్నాను. ఆ అలవాటు ముప్పై ఏళ్లు వచ్చినా పోలేదు. ఇక్కడ నన్ను జీతానికి పెట్టేవాళ్లెవరూ లేరు. అయినా నోరు రాలేదు.

మరుసటి రోజు నగారు, 12,500 అడుగులు. టెంట్ల చుట్టూ మంచే. గాలి టెంటును గుంజి కొడుతోంది. రాత్రి రెండింటికి లేపుతామని, చీకట్లో బయలుదేరి ఎండ ముదరకముందే కనుమ దాటాలని క్యాంపు లీడరు చెప్పాడు. మిలిటరీ అన్న చెప్పిందే. నేను తినకుండా కూర్చున్నాను. అచ్చంపేట నా పళ్లెం వైపు చూశాడు.

"హాస్టల్ల నువ్వు మెతుకు మిగిల్చింది నేనెన్నడు చూడలే. తలకాయ నొస్తున్నదా?"

"లేదు" అన్నాను. అని బయటికి పోయి వాంతి చేసుకున్నాను. వాడు నాతో ఇంకేమీ మాట్లాడలేదు. నేరుగా లీడరు దగ్గరికి పోయి చెప్పాడు. నాకు వాడి మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. లీడరు మాత్రం ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. ఎత్తు వల్ల వచ్చిన జబ్బుకు మొదటి మందు కిందికి దిగడమే అన్నాడు. ఆ ఎత్తులో మనకు అందే ప్రాణవాయువు సముద్రమట్టం దగ్గర అందేదానిలో మూడింట రెండు వంతుల లోపే. తలనొప్పితో ఇంకా పైకి పోతే ఊపిరితిత్తుల్లో, మెదడులో నీరు చేరి ప్రాణం పోవచ్చు. అక్కడి కుర్రవాణ్ణి తోడిచ్చి, టార్చిలైటుతో ఆ సాయంత్రమే మింగ్ థాచ్‌కు దింపారు. తెల్లారేసరికి తలనొప్పి సగం పోయింది. బాగైందన్న సంతోషంకంటే, ఇంకొక్క రాత్రి ఓర్చుకుంటే అయిపోయేదేమో అన్న ఏడుపే ఎక్కువగా ఉండె.

కనుమ సంగతి వాళ్లు చెప్పగా విన్నదే. మూడింటికి ముందే బయలుదేరారట. మంచు రాయిలా గట్టిగా ఉంటే గైడు బూటు ముందు భాగంతో తన్ని మెట్లు చేస్తుంటే, ఆ మెట్లలోనే ఒకరి వెనుక ఒకరు కాలు పెట్టారట. ఎనిమిది దాటాక ఎండ పడ్డచోట మోకాలి దాకా దిగబడడం మొదలైందట. అవతలి వాలు మీద మాత్రం కూర్చుని జారడమే. కల్వకుర్తి జారుతూ కళ్లద్దాలు పారేసుకున్నాడు. ఆ రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టుందని తడి గుడ్డ కట్టుకుని పడుకున్నాడట.

ఆ రోజుల్లో నేను కసోల్‌కు దిగి, నాలుగు కిలోమీటర్ల దూరంలోని మణికర్ణ్‌కు పోయాను. అక్కడ భూమిలోంచి నీళ్లు మసిలే వేడితో వస్తాయి. గురుద్వారా వాళ్లు ఆ నీళ్లలోనే అన్నం వండుతారు. వరుసలో కింద కూర్చుంటే పళ్లెంలో అన్నం, పప్పు. అంతదూరం పోయి మళ్లీ మెస్‌లో కూర్చున్నట్టయింది. మిగల్చకుండా తిన్నాను.

వాళ్లిద్దరూ దిగివచ్చినప్పుడు ముక్కుల మీద తోలు ఊడిపోయి, గుర్తుపట్టరాకుండా ఉన్నారు. అచ్చంపేటతో ఢిల్లీ దాకా సరిగ్గా మాట్లాడలేదు నేను. రైలు నాగపూర్ దాటాక వాడు నా నోట్‌బుక్ తీసుకుని, కొట్టేసిన ఆ రెండు రోజుల పక్కన పెన్నుతో ఏదో రాసి ఇచ్చాడు. "ఈ పైసలు నన్నడిగితే నేనియ్యకపోతునా" అని ఉంది.

2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కినప్పుడు మీలో చాలామంది చిన్నపిల్లలు. మన సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. పూర్ణకు అప్పటికి 14 ఏళ్లు కూడా నిండలేదు. మేము బియ్యం మోసిన ఆ భువనగిరి గుట్ట మీదనే శేఖర్‌బాబు గారి దగ్గర వాళ్లు శిక్షణ మొదలుపెట్టారు. తర్వాత డార్జిలింగ్, లడఖ్ చలి. ఎవరెస్టు యాత్రకు మొత్తం యాభై రోజుల పైన పట్టింది. అందులో శిఖరానికి ఎక్కిన రోజులు కొన్నే, ఎత్తుకు ఒళ్లు అలవాటు పడేదాకా ఆగిన రోజులే ఎక్కువ. పేపర్లో అది చదివినప్పుడు నేను కొట్టేసిన రెండు రోజులు గుర్తొచ్చాయి. వెంటనే అచ్చంపేటకు ఫోన్ చేశాను. డ్యూటీలో ఉన్నాడు, వెనుక నుండి టికెట్ టికెట్ అని వినపడింది. "ఇప్పుడు చెప్పు, తలకాయ నొచ్చిందా లేదా?" అన్నాడు. నొచ్చిందన్నాను, అయిదేళ్ల తర్వాత.

మీలో ఎవరైనా పోదామనుకుంటే నోట్‌బుక్ ఇస్తాను. చార్జీల లెక్కలు ఇప్పుడు పనికిరావు గానీ సామాన్ల లిస్టు పనికొస్తుంది. మిలిటరీ అన్న రక్‌సాక్ మా ఇంట్లో అటక మీదనే ఉంది. కుడి పట్టీ ఒకటి తెగింది, కుట్టించుకోవాలి.