భారం వేయడమంటే...

"దేవుడి మీద భారం వేశాను." మా పల్లెలో ఆడవాళ్ల నోట రోజుకి పదిసార్లు వినబడే మాట ఇది. స్త్రీవాద సాహిత్యం చదువుకున్న మనకి ఈ మాట వింటే కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. తన బతుకుని ఎవరికో అప్పగించేసినట్టూ, ఆ ఎవరో కూడా మళ్లీ ఒక 'తండ్రే' అయినట్టూ అనిపిస్తుంది. ఆ ఇబ్బంది నాకూ ఉంది. కానీ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలల్లో, మిరప కల్లాల్లో పనిచేసే దళిత క్రైస్తవ స్త్రీలు ఈ మాటని వాడే తీరు వేరు. అది లొంగుబాటు అన్న అర్థంలో ఇమడదు.

బస్తాలు మోసినవాళ్లకి తెలుసు, భారం వేయడమంటే వదిలేయడం కాదని. మోయగలిగిన ఇంకో భుజం పక్కన ఉంటేనే వేస్తాం. వేశాక కింద పడకుండా చూసుకుంటాం. పడితే నిలదీస్తాం.

మా నాన్న కౌలు రైతు. 2002 కరువులో మొదలైన అప్పు, నూటికి మూడు రూపాయల వడ్డీతో, పురుగుమందుల కొట్లో ఖాతాతో పెరుగుతూ పోయింది. 2004లో రెండెకరాల పత్తి చేను గట్టు మీదే పురుగుమందు తాగి చనిపోయాడు. నేనప్పుడు ఏడో తరగతి. ఆత్మహత్య పాపం కాబట్టి సమాధి దగ్గర ప్రార్థన చెయ్యడానికి మా చర్చి అయ్యగారు వెనకాడారు. ఆ తర్వాత ఇంటికొచ్చి, "దేవుడు పరీక్షిస్తున్నాడమ్మా, ఓర్చుకో" అని చెప్పి వెళ్లారు.

ఆ ఏడాదే ప్రభుత్వం ఆత్మహత్య చేసుకున్న రైతుల కుటుంబాలకి లక్షన్నర రూపాయల సాయం ప్రకటించింది. నాన్నది నోటిమాట కౌలు. పాసుపుస్తకం ఆసామి పేరున ఉంది. కాగితం లేనివాడు రైతు ఎలా అవుతాడని ఆఫీసులో అడిగారు. అమ్మ యార్డులో మిరపకాయల ముచ్చికలు తీసే పనికి వెళ్లేది. కిలోల లెక్కన కూలి. పని లేని రోజున చేతుల మంట చల్లారకుండానే బస్సెక్కి ఆ ఆఫీసుకి వెళ్లేది. తలుపుకి తాళం వేస్తూ "ఆయన మీద భారం వేశానే" అనేది నాతో. ఇంట్లో కూర్చుని ఆ మాట అనడం నేనెప్పుడూ వినలేదు.

లూకా సువార్తలో ఒక విధవరాలి కథ ఉంది. దేవుడికి భయపడని, మనుషుల్ని లెక్కచేయని న్యాయాధిపతి చుట్టూ ఆమె తిరిగి తిరిగి, అతనికి విసుగు పుట్టించి న్యాయం సాధించుకుంటుంది. విసుగు చెందకుండా ప్రార్థన చేయాలని చెప్పడానికి యేసు ఈ కథ చెప్పాడంటారు. ప్రార్థనకి ఉదాహరణగా చేతులు జోడించిన భక్తురాలు కాక, ఆఫీసు గడప అరగదీసే ఆడమనిషి ఉండడం గమనించదగ్గ విషయం. అమ్మకి చాలా ఇష్టమైన భాగం ఇది. అయితే కథలో న్యాయాధిపతికి విసుగొచ్చింది. మా ఆఫీసుకి రాలేదు. ఆ సాయం మాకు అందనే లేదు.

నమ్మకం గురించి అసలు ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. జవాబు రాకపోయినా నమ్మడం ఓర్పుకి ఇంకో పేరేనా?

మా చర్చిలో ఆదివారం సాక్ష్యాల వేళ ఉంటుంది. వారమంతా జరిగిన మేళ్లు చెప్పుకోవాలి. ఒక ఆదివారం అమ్మ లేచి నిలబడి, "ప్రభువా, నీ మీద నాకు కోపంగా ఉంది. లెక్క నీ దగ్గరే ఉంది, నాకు చెప్పాలి" అని కూర్చుంది. మగవాళ్లు తలలు దించుకున్నారు. వెనక చాప మీద కూర్చున్న ముసలమ్మలు మాత్రం "ఆమేన్" అన్నారు. ఆ ముసలమ్మలకి రూతు గ్రంథం కంఠతా వచ్చు. కరువుకి దేశం విడిచి, భర్తనీ కొడుకుల్నీ పోగొట్టుకుని తిరిగొచ్చిన నయోమి, దేవుడే తన బతుకుని చేదు చేశాడని ఊరందరి ముందూ అంటుంది. ఆ మాట అన్నందుకు ఆమెని గ్రంథంలో ఎవరూ మందలించరు. ఆమె కోడలు రూతు కోసిన చేలో పరిగె ఏరుకుంటుంది. పరిగె ఏరుకోవడం ఏమిటో మా వాళ్లకి ఎవరూ వ్యాఖ్యానించి చెప్పక్కర్లేదు.

ఇలా అడిగే నమ్మకానికి ఈ నేలమీద చరిత్ర ఉంది. 1854 జనవరి 1న ఒంగోలు కొండ మీద ప్రార్థన చేసిన ఐదుగురిలో మిషనరీ లైమన్ జూయెట్ పేరు అందరూ చెబుతారు. మిగిలిన నలుగురిలో ఆయన భార్య కాక జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు స్త్రీలున్నారు. 1876-78 కరువులో జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి పని కల్పించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అయినా 'గంజి క్రైస్తవులు' అన్న వెక్కిరింత పోలేదు. కడుపు నిండినవాళ్ల భక్తినే స్వచ్ఛమైనదిగా లెక్కగట్టే చూపు అది. ఆకలిని దేవుడి ముందు పెట్టడం కంటే నిజమైన ప్రార్థన ఏముంటుంది?

1985 జూలైలో అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో, మాదిగలు తాగే చెరువునీళ్లని పాడు చేయడం దగ్గర గొడవ మొదలైంది. కొట్టబోయిన అగ్రకులస్తుడి మీదికి బిందె ఎత్తిన స్త్రీ పేరు మున్నంగి సువార్త. మర్నాడు, జూలై 17న, హత్యకు గురైన ఆరుగురిలో మోషే, యెహోషువ, యేసు అనే పేర్లున్నవాళ్లున్నారు. బతికినవాళ్లు చీరాల చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ముఖ్య సాక్షి దుడ్డు అలీసమ్మని తర్వాత చంపేశారు. సుప్రీంకోర్టు తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది. మధ్యలో 23 ఏళ్లు గడిచాయి. చర్చిలో సాక్ష్యం, కోర్టులో సాక్ష్యం మా వాళ్లకి ఒకే మాట కావడం నాకు యాదృచ్ఛికంగా అనిపించదు. రెండు చోట్లా జరిగింది జరిగినట్టు చెప్పాలి. రెండు చోట్లా ప్రాణం పణంగా పెట్టాల్సి రావచ్చు.

ఓర్చుకోమని చెప్పేది వేదిక మీదున్నవాళ్లు. తాగి కొట్టే భర్తనీ, కూలి ఎగ్గొట్టే ఆసామినీ ఓర్చుకోమని చెప్పడానికి దేవుడి పేరు వాడడం పితృస్వామ్యానికి కొత్త కాదు. చర్చి లోపల దాన్ని ప్రశ్నించాల్సిందే. అయితే చాప మీద కూర్చున్నవాళ్ల నమ్మకాన్ని కూడా ఆ ఓర్పు ఖాతాలోనే రాసేస్తే, వేదిక మీది వ్యాఖ్యానమే సరైనదని మనమూ ఒప్పుకున్నట్టవుతుంది.

అమ్మలా ప్రార్థించడం నాకు చేతకాదు. నా పీహెచ్‌డీ అయ్యాక ఇన్నేళ్లూ ఉద్యోగం కోసం తిరుగుతుంటే, "భారం వేశాను, నువ్వు దరఖాస్తు పెట్టు" అంటుంది. 2019లో వచ్చిన సాగుదారుల చట్టం కూడా కౌలు కార్డుకి ఆసామి సంతకం కావాలంది. అది తెలిసినప్పటి నుంచీ అమ్మ ప్రార్థనలో ఆ సంతకం సంగతి కూడా చేరింది. పల్లెలో కౌలు చేసే ఇళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పి, ఎవరికి కార్డు వచ్చిందో, ఎవరికి రాలేదో ఆయనకి అప్పజెబుతుంది. మర్నాడు రానివాళ్ల ఇంటికి వెళ్లి, మళ్లీ అర్జీ పెట్టమంటుంది.