అటక మీద ఆపరేషన్ బల్ల

లండన్ బ్రిడ్జ్ స్టేషన్ పక్కన సెయింట్ థామస్ వీధిలో పాత చర్చి ఒకటుంది. దాని అటకెక్కాలంటే మెలికలు తిరిగే 52 మెట్లు, పట్టుకోడానికి ఒక మోకు. ఎదురుగా ఎవరైనా దిగుతుంటే గోడకు అతుక్కుపోవాల్సిందే. పైన, అప్పట్లో పక్కనే ఉన్న సెయింట్ థామస్ ఆస్పత్రి వాళ్ళు మూలికలు ఆరబెట్టుకున్న చోటు. దూలాల సందుల్లో గసగసాల కాయలు కూడా దొరికాయట. ఆ అటకలోనే 1822లో ఆడవాళ్ళకోసం ఆపరేషన్ థియేటర్ కట్టారు. అంతకుముందు వార్డులోనే, తక్కిన రోగులు వింటుండగానే కోసేవారు.

1862లో ఆస్పత్రి తరలిపోయాక ఈ గదిని అందరూ మరిచిపోయారు. 1957లో రేమండ్ రస్సెల్ అనే ఆయన దీన్ని వెతికి పట్టుకున్నాడు. ఇప్పుడిది మ్యూజియం.

మధ్యలో పొట్టి కొయ్యబల్ల. చుట్టూ గుర్రపు లాడం ఆకారంలో విద్యార్థులు నిలబడే మెట్టు వరసలు, నెత్తిన వెలుతురుకి అద్దాల కప్పు. బల్ల కింద రంపపు పొట్టు పోసిన పెట్టె. నెత్తురు ఎటు కారితే అటు సర్జన్ దాన్ని కాలితో జరిపేవాడు. కింద ప్రార్థనలు జరిగే చోటికి చుక్క కూడా జారకుండా నేల పలకల అడుగునా పొట్టే నింపారు. ఈ బల్లెక్కినవాళ్ళంతా పేదలు. డబ్బున్నవాళ్ళకి సర్జన్ ఇంటికే వెళ్ళేవాడు.

అద్దాల పెట్టెల్లో కత్తులు, రంపాలు, పుర్రెకు చిల్లు పెట్టే బరమాలు. కొడవలిలా వంగిన కత్తి దగ్గర చాలాసేపు ఆగాను. ఆ వంపుతో తొడ చుట్టూ ఒక్క ఊపున కండ తెగిపోతుంది, ఆ వెంటనే రంపం. 1846 చివర్లో లండన్‌కి ఈథర్ వచ్చేదాకా రోగికి మత్తు లేదు. ఆ కాలంలో చెయ్యి ఎంత చురుగ్గా ఆడితే అంత దయ. చూడ్డానికి కసాయి సామానులా ఉన్నా, రోగి బాధని తగ్గించడానికే దాన్ని అలా వంచారు.

   

వచ్చినవాళ్ళంతా రంపం చూసి మొహం చిట్లిస్తున్నారు. నన్ను భయపెట్టింది మాత్రం ఆ కత్తి నల్లకొయ్య పిడి. చెయ్యి జారకుండా దానిమీద అడ్డదిడ్డంగా గీతలు చెక్కారు, నగిషీలాగే ఉంది. ప్రతి గీతలోనూ నిన్నటి రోగి నెత్తురు ఎండి ఉండేది. సర్జన్ తొడుక్కునే పాత కోటూ అంతే. ఎంత మరకపడితే అంత అనుభవం కింద లెక్క. కోతని తట్టుకుని బతికిన మనిషి కూడా ఆ మురికి సోకి వారానికి చీముపట్టి పోయేది. కార్బాలిక్ ఆమ్లంతో పుండ్లు కుళ్ళకుండా చూడొచ్చని జోసెఫ్ లిస్టర్ 1867లో రాసేనాటికి ఈ గది మూతబడి ఐదేళ్ళు. పరికరాలని మరిగించాలన్న పట్టింపు వచ్చాక ఈ పిడులకు నూకలు చెల్లాయి. నీళ్ళలో మరిగిస్తే కొయ్య పగిలిపోతుంది కాబట్టి, కత్తి మొత్తం ఒకే లోహంతో, ఏ నగిషీ లేకుండా నున్నగా చేయడం మొదలుపెట్టారు.