గంధమా, నెమలికంఠమా?

రండి, కూర్చోండి. గోడకు మాత్రం ఆనుకోకండి, సుద్ద అంటుతుంది. లప్పం పెట్టి, ప్రైమర్ కొట్టి పది రోజులైనా మా మధ్యగదికి ఇంకా రంగు పడలేదు. మా ఆవిడ గంధం రంగంటుంది, నేను నెమలికంఠం నీలమంటాను.

పెయింటర్ రెండూ పక్కపక్కనే జానెడు మేర పూసి చూపించాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. నీలం పక్కన గంధం పసుపు ముద్దలా కనబడింది. గంధం పక్కన నీలం మరీ ముదిరి, బావిలోకి తొంగిచూసినట్టుంది. పారిస్‌లో గోబ్లాన్ నేత కార్ఖానా అద్దకాలు చూసుకున్న షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్తకు ఇలాంటి ఫిర్యాదే వచ్చిందట, నల్లదారం వెలిసినట్టుందని. పరీక్షిస్తే నలుపులో లోపమేమీ లేదు, పక్కనున్న నీలి, ఊదా దారాలే దాని కళ తీసేస్తున్నాయి. 1839లో ఆయన దీనిమీద పెద్ద పుస్తకమే రాశాడు. చీరకు అంచు ఎంచేటప్పుడు మనకూ ఇది తెలుసు, గోడ దగ్గరే గుర్తురాదు.

అందుకని రెండు చార్టులు తెచ్చి, ఒక్కోదానికి ఒక్కో రంగు రెండేసి కోటింగులు వేయించాను. పూర్తిగా ఆరనిచ్చాం, తడిమీది రంగు ఆరాక ఉండదు. ఒకటి గోడకుంటే రెండోది బీరువా వెనక.

గదికున్న ఒక్క కిటికీ పడమటి వైపు. మూడింటి ఎండకు గంధం కళ్లలో కొట్టింది. నీలమైతే చెరువుగట్టున కూర్చున్నంత చల్లగా ఉంది. నాదే గెలుపనుకున్నాను. దీపాలు వేశాక అదే నీలం మసిబారింది. మా బల్బులది పసుపు వెలుగు. అందులో నీలం పాలు తక్కువ, ఇక గోడ దేన్ని తిప్పి పంపుతుంది? పైగా ముదురు రంగు పడిన వెలుగులో చాలామటుకు మింగేస్తుంది. చార్టు మార్చి గంధం పెట్టగానే గదంతా తేటపడింది.

మధ్యాహ్నం ఆ గదిలో మాకెవరికీ పని లేదు. పిల్లల చదువులు, అమ్మ వారపత్రిక, అందరి భోజనాలు, అన్నీ సాయంత్రం ఆరు దాటాకే. గంధమే సరైనది. శుక్రవారం పని మొదలు.

మీరు మీ గదిలో ఏ వేళ కూర్చుంటారు? ఆ వేళకు చార్టు గోడకు పెట్టి చూశాకే డబ్బా మూత తీయించండి.