సికిందరాబాదు స్టేషనున దిగువారికి

ప్రజ్ఞాపూరునందు రైలుస్టేషను లేదు. ఊరిని ఒరసికొని పోవునది రాజీవ రహదారి. కరీంనగరము బస్సులును రామగుండము లారీలును దానిమీద రేయింబగళ్లు సాగుచుండును. మాకును గజ్వేలునకును పురపాలక సంఘ మొక్కటియే. కావున గజ్వేలునకు వచ్చిన రైలు మాకును వచ్చినట్లే యని మా యూరి పెద్దలు చెప్పుకొందురు. ఆ మాటలో కొంత గొప్ప యున్నను అబద్ధము లేదు. ఇప్పుడు మేము వ్రాయబూనినది మాత్రము గజ్వేలు స్టేషనును గూర్చి కాదు. అది చిన్నది, ఒక్క చూపున తెలియును. సికిందరాబాదు స్టేషనే పెద్ద చిక్కు. చదువునకో కొలువునకో ఆసుపత్రికో మా పక్కనుండి పోవువారు అచట దిగి, మూటలు చంకనిడుకొని, ముందువైపునకు పోవలెనో వెనుకవైపునకు పోవలెనో తెలియక నిలిచియుండుట మేము పలుమాఱులు చూచితిమి. మన పాఠశాల విడిచి పట్టణమునకు పోవు విద్యార్థులును, వారిని దింపవచ్చు తలిదండ్రులును ఈ నాలుగు మాటలు చదివికొన్నచో ఆ నిలువుపాటు కొంత తగ్గునని మా యాశ.

మొదట దిక్కులు తెలిసికొనవలెను. వ్రేళ్లు తూర్పునకును మణికట్టు పడమటికిని ఉండునట్లు అరచేతిని బల్లమీద చాపి చూడుడు. ఆ యరచేయి స్టేషను. దానియందు పడమటినుండి తూర్పునకు పఱచిన గీతలు ప్లాటుఫారములు, అవి పది. మణికట్టునుండి పోవు దారి బేగంపేట, లింగంపల్లి, వికారాబాదు, తాండూరుల మీదుగా వాడి చేరును. హుస్సేన్‌సాగరము కడ దానినుండి యొక పాయ చీలి నాంపల్లికి పోవును. తూర్పున మూడు వ్రేళ్లు చాలును. నడిమివ్రేలు మౌలాలి, ఘట్‌కేసర్, భువనగిరి దాటి కాజీపేటకు పోవును. దక్షిణపు వ్రేలు సీతాఫలమండి మీదుగా కాచిగూడకును, అటనుండి మహబూబునగరము, కర్నూలు వైపునకును పోవును. ఉత్తరపు వ్రేలు మల్కాజిగిరి, అల్వాలు, బొల్లారము, మేడ్చలుల మీదుగా మనోహరాబాదునకును, ఆపై కామారెడ్డి, నిజామాబాదులకును పోవును. మా బండి ఈ యుత్తరపు వ్రేలిది. ఇంతమాత్రము తెలిసినవాడు బండి పేరు మఱచినను, తాను పోవలసిన యూరు ఏ దిక్కుననున్నదో చెప్పి యెవరినైనను అడుగగలడు.

ఈ వ్రేళ్లన్నియు ఒక్కసారి మొలచినవి కావు. బొంబాయినుండి వచ్చు దారియు మద్రాసునుండి వచ్చు దారియు 1871లో రాయచూరు కడ కలిసికొనెను. ఆ మార్గమునందలి వాడి స్టేషనునుండి నిజాము ప్రభుత్వపు సొమ్ముతో, సాలారుజంగు మంత్రిత్వమున వేసిన దారి 1874లో సికిందరాబాదు చేరినది. మణికట్టు అదియే. పిమ్మట నడిమివ్రేలు 1886 నాటికి వరంగల్లువఱకును, 1889 నాటికి బెజవాడవఱకును సాగెను. ఉత్తరపు వ్రేలు గోదావరి లోయ రైల్వే యను పేర 1900 ప్రాంతమున మన్మాడువఱకు పోయెను. కాచిగూడ స్టేషను 1916లో కట్టబడినది. 1930లో నిజాము ప్రభుత్వము కంపెనీ చేతినుండి రైల్వేను తీసికొనెను. సంస్థానము భారతదేశమున కలిసిన పిమ్మట అది దేశపు రైల్వేలలో చేరినది. 1966 అక్టోబరు 2వ తేదీన దక్షిణ మధ్య రైల్వే యేర్పడినప్పుడు దాని ప్రధాన స్థానము సికిందరాబాదే యయ్యెను.

మా వ్రేలిని గూర్చి యొక మాట ఎక్కువ చెప్పక తప్పదు. వాడి దారియు బెజవాడ దారియు అయిదడుగుల ఆఱంగుళముల వెడల్పు గల పెద్దపట్టాలు. మన్మాడు దారియో మీటరు వెడల్పు గల సన్నపట్టాలు. ఒక దారి బండి మఱొక దారిమీదికి ఎక్కజాలదు. ధాన్యపు బస్తాయైనను ప్రత్తిబేళ్లైనను నిజామాబాదు దిక్కునుండి వచ్చి బెజవాడ దిక్కునకు పోవలెనన్న, ఒక బండినుండి దింపి మఱొక బండిలోనికి ఎక్కింపవలసినదే. ఇంచుమించు నూఱేండ్లు సన్నదారిగానే యుండి, ఈ శతాబ్దపు తొలి యేండ్లలో అది పెద్దపట్టాలదారిగా మాఱినది. ఆ మార్పు జరిగియుండనిచో మా గజ్వేలు పాయ దానికి అతుకుటకు వీలుండెడిది కాదు.

ఆ పాయ కథ యిది. మనోహరాబాదునుండి గజ్వేలు, సిద్దిపేట, సిరిసిల్ల, వేములవాడల మీదుగా కరీంనగరము దాపునందలి కొత్తపల్లివఱకు 151 కిలోమీటర్ల దారి వేయుటకు 2006–07లో అనుమతి వచ్చెను. పది యేండ్లు కాగితములలో గడచెను. 2016 ఆగస్టు 7వ తేదీన గజ్వేలు మండలమునందలి కోమటిబండలో ప్రధానమంత్రి దానికి శంకుస్థాపన చేసిరి. మనోహరాబాదునుండి గజ్వేలునకు 31 కిలోమీటర్లు. 2020లో ఆ భాగము ముగిసెను. 2022 జూన్‌లో గజ్వేలునకు వచ్చిన మొదటి సరకుబండి ఎరువుల బస్తాలను తెచ్చినది. మనుష్యులకంటె ముందు యూరియా రైలెక్కెనని మా యూర నవ్వుకొనిరి. సేద్యము చేయువారు మాత్రము నవ్వలేదు, వారికి కావలసినది వచ్చినది. మనుష్యులను ఎక్కించుకొను బండి సిద్దిపేటనుండి 2023 అక్టోబరు 3వ తేదీన కదలెను. సికిందరాబాదునకు రైలు వచ్చిన 149 ఏండ్లకు మా దిక్కునకు వచ్చెనన్నమాట. మొదటి వారములలో పని యున్నవారికంటె చూడవచ్చినవారే ఎక్కువగా ఎక్కిరి. గజ్వేలున ఎక్కి నాచారమున దిగి, మఱల ఆటోలో ఇల్లు చేరిన పిల్లలను మేమెఱుగుదుము.

ఆ నవంబరులో మా మేనత్తను తోడుకొని మేమా బండిలో పోయితిమి. ఆమెకు డెబ్బది దాటినవి, మోకాళ్ల నొప్పులు. బస్సులో రెండు గంటలు కాళ్లు ముడుచుకొని కూర్చుండుట ఆమెకు శిక్ష. రైలులో లేచి నిలువవచ్చును, నాలుగడుగులు వేయవచ్చును. ఆమె పోవలసినది గాంధీ ఆసుపత్రికి. చీటీలకొఱకు వరుసలో ముందుగా నిలువవలెను గనుక మా బావ తెల్లవారకముందే బస్సులో పోయెను. మా బండి పదిగంటల ప్రాంతమున స్టేషను చేరి, నడిమి ప్లాటుఫారములలో నొకదానిపై నిలిచెను.

ఇచట స్టేషను రెండు ముఖములను గూర్చి చెప్పవలెను. ఒకటవ ప్లాటుఫారమువైపు ఉత్తరము, అది ముందువాకిలి. సిటీబస్సులు, మెట్రో స్టేషను, పాత హోటళ్లు అటే యున్నవి. పదవ ప్లాటుఫారమువైపు దక్షిణము. అది భోయిగూడ వాకిలి. గాంధీ ఆసుపత్రి పూర్వము స్టేషను ముందువాకిటి కెదురుగా నుండెడిది. 2003లో దానిని ముషీరాబాదునందలి పాత కారాగార స్థలమునకు మార్చిరి. కావున నేడు ఆసుపత్రికి పోవువారికి భోయిగూడ వాకిలి దగ్గఱ. దిగినవెంటనే కాలివంతెన యెక్కి పదవ ప్లాటుఫారమువైపు తిరుగవలెను. జనమెల్ల ముందువైపునకు పోవుచున్నదని వారివెంట పోరాదు.

మా మేనత్త వంతెన యెక్కి ముందువైపునకే తిరిగెను. "దవాఖాన ముందటనే గద బిడ్డా, రోడ్డు దాటితె అయిపోతది" అనెను. ఆసుపత్రి తరలిపోయి యిరువది యేండ్లైనదని మేము చెప్పితిమి. ఆమె కొంతసేపు కమ్మి పట్టుకొని నిలిచి, "అయినా ఒక్కపారి చూసి పోదం. మీ మామను గాడికే తీస్కపోయినం" అనెను. ముప్పది యేండ్ల క్రిందట మా మామ ఆ పాత ఆసుపత్రిలోనే కాలము చేసెను. ఆమె నెలదినములు స్టేషను ముంగిటనే అన్నము తిని, అచటనే పండుకొన్నదని మా యింట చెప్పుకొనగా వినియుంటిమి. మేము మఱుమాట లేక ముందుకు నడిపించితిమి. మెట్లు దిగుటకు చాలసేపు పట్టెను. వాకిట నిలిచి ఆమె యెదుటి దారిని చూచెను. తలపై మెట్రో రైలు పోవుచుండెను. తాను ఎఱిగినది ఏదియు కానరాక, వెనుదిరిగి స్టేషను ముఖమును చూచి, "ఇది మాత్రం గట్లనే ఉన్నది" అనెను. మఱల వంతెన యెక్కింప మనసొప్పక ఆటో మాటలాడుకొని, చుట్టు తిరిగి ఆసుపత్రి చేరితిమి. బావ గేటు కడ చీటీ పట్టుకొని నిలిచియుండెను.

ఆ స్టేషను ముఖమును 2025లో పడగొట్టిరి. సుమారు 720 కోట్ల రూపాయల వ్యయముతో స్టేషనును క్రొత్తగా కట్టుటకు 2023 ఏప్రిలు 8వ తేదీననే శంకుస్థాపన జరిగియుండెను. పట్టాలపైన విశాలమైన రెండంతస్తుల నడవ కట్టి, ఉత్తరపు వాకిలిని దక్షిణపు వాకిలిని దానితో కలుపవలెనని యేర్పాటు. అది నెఱవేఱినచో మోకాళ్ల నొప్పులవారికి నిజమైన మేలే. పని జరుగుచుండగా ఇన్ని బండ్లను ఒక్కచోట నిలుపుట సాధ్యము కాదు గనుక పెక్కింటిని ఇతర స్టేషనులకు మార్చిరి. వానిలో ముఖ్యమైనది చర్లపల్లి. అచటి క్రొత్త స్టేషను 2025 జనవరి 6వ తేదీన తెఱువబడెను. అందువలన తలిదండ్రులకు మేము చెప్పునదేమనగా, బండి సికిందరాబాదున ఎక్కవలసినదని నిరుడు తెలిసికొన్న మాటను నమ్మి బయలుదేరవలదు. టిక్కెట్టుమీద స్టేషను పేరు చదువుకొని, ముందునాడు విచారించుకొని పొండు. చర్లపల్లి తూర్పున నడిమివ్రేలిమీద నున్నది. సికిందరాబాదునుండి అచటికి పోవుటకే ఒక గంట చేతనుంచుకొనవలెను.

బండ్ల విషయమున రెండు తెఱగులు గుర్తుంచుకొన్న చాలును. దూరపు బండ్లకు చోటు ముందుగా కుదుర్చుకొనవలెను. విశాఖపట్టణమునకు 2023 జనవరి 15వ తేదీన మొదలైన వందే భారత్ బండి యిట్టిది. సుమారు 700 కిలోమీటర్లు ఎనిమిదిన్నర గంటలలో పోవునట్లు దానిని ఏర్పఱచిరి. తిరుపతి వందే భారత్ అదే సంవత్సరము ఏప్రిలులో వచ్చినది. రెండవ తెఱగు పట్టణపు లోకలు బండ్లు. 2003లో మొదలైన యీ ఎం.ఎం.టి.ఎస్. బండ్లకు కిటికీ కడ టిక్కెట్టు కొని ఎక్కుటయే; మా ఉత్తరపు వ్రేలిమీద అవి 2023లో మేడ్చలువఱకు వచ్చినవి. మా సిద్దిపేట బండి ఈ రెంటికి నడుమ నుండును. దూరపు బండి వేగము దానికి లేదు, లోకలు బండ్ల తఱచుదనమును లేదు. ఆరంభమున పోకకు రెండు, రాకకు రెండు. ఉదయపుబండిలో పోయి సాయంకాలపుబండిలో రాత్రి భోజనవేళకు ఇల్లు చేరవచ్చును. గజ్వేలునుండి పడమటికి మనోహరాబాదు పోయి అటనుండి దక్షిణమునకు దిగవలెను గనుక రహదారికంటె దారి చుట్టు. పదిన్నరకు మొదలగు కళాశాలకు ఆ వేళ చాలవచ్చును; ఎనిమిదింటికి ఆసుపత్రి వరుసలో నిలువవలసినవారికి చాలదు. వారికి బస్సే దిక్కు. ఒక్క బండి వేళను రెండు గంటలు ముందుకు జరిపినచో ఎందఱు రోగులకు మేలగునో లెక్కించువారుండిన బాగుండునని మాకు తోచుచున్నది.

మొదట రైలునకు మఱొక మేలు ఉండెను: టిక్కెట్టు వెల బస్సు ఛార్జీకంటె చాల తక్కువ. ఆ మేలు స్త్రీలకు రెండు నెలలే నిలిచెను. 2023 డిసెంబరు 9వ తేదీనుండి తెలంగాణమున స్త్రీలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెసు బస్సులలో ఛార్జీ లేదు. నాటినుండి మా యూరి యాడువారు రహదారికే మఱల వచ్చిరి. మా మేనత్త మాత్రము రూకలిచ్చియైనను రైలే ఎక్కుదుననును. కాళ్లు చాపుకొనుటకు ఇచ్చు రూకలవి యని ఆమె లెక్క.

స్టేషను ముఖము పడగొట్టిరని మేము చెప్పినప్పుడు ఆమె పెద్దగా చింతింపలేదు. "పాతదైంది, కూలగొట్టక ఏం జేస్తరు" అని ఊరకుండెను. ఆమె మనసు ఇంకొక కొసమీద నున్నది. ఆమె చెల్లెలిని వేములవాడ కిచ్చిరి. ఆ చెల్లెలికిని కాళ్లు లేవవు. ఇద్దఱు చూచుకొని నాలుగేండ్లు దాటెను. సిద్దిపేటకావలి పని సాగుచున్నది. మేము ఇంటికి పోయినప్పుడెల్ల ఆమె మంచముమీదనుండియే, "రైలు యాడిదాక వచ్చింది బిడ్డా?" యని అడుగును. పత్రికలో చదివిన మేరకు, ఏ యూరికడ మట్టికట్ట వేయుచున్నారో, ఏ వాగుమీద వంతెన లేచుచున్నదో చెప్పుదుము. ఆమె వ్రేళ్లమీద ఊళ్లు లెక్కపెట్టుకొని, "ఇంక సిరిసిల్ల దాటాలె" అనును.