తార్నాక ట్యాంకులో నీళ్ళు ఎటు తిరుగుతున్నయ్

పోస్టు కొంచెం పొడుగైంది, ఓపిక చేసుకుని చదవండి.

నాది ఉట్నూర్ దగ్గర ఒక గూడెం. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదలు. బీఎస్సీ జువాలజీ చదువుతున్న, ఉండేది హాస్టల్లో. క్లాసులు అయినంక సీతాఫల్‌మండిలో ఒక చేపల షాపులో పని చేస్తున్న. కూర చేపలు కాదు, అద్దాల తొట్టిలో పెంచుకునే చేపలు. ఈ ముక్క మా బాపుకు ఫోన్లో మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఓనర్ నన్ను వారానికి రెండుసార్లు తార్నాకలో ఒక రిటైర్డ్ సార్ ఇంటికి పంపిస్తడు. యూనివర్సిటీ లోపల్నుంచి ఆర్ట్స్ కాలేజీ ముందుగా నడిచిపోత, ఆటో పైసలు మిగులుతయ్. ఆ ఇంట్లో రెండడుగుల ట్యాంకు, వంద లీటర్లదాకా పడతయ్. లీటరుకు సుమారు 35 గ్రాముల లెక్కన ఉప్పు పొడి కలిపి చేసిన సముద్రపు నీళ్ళు. అందులో పగడాలు. కింద జోయాంథస్, మష్రూమ్ లాంటి మెత్తటివి, నడుమ హ్యామర్, పైన పలకలాగ మాంటిపొరా. పగడం చెట్టు కాదు, రాయి కాదు, జీవం. కానీ కదలలేదు. బయటినుంచి వచ్చే తిండి, ఆక్సిజన్ నీళ్ళే తెచ్చియ్యాలె, దాని మలినం నీళ్ళే తీసుకుపోవాలె.

ఒకరోజు పోయేసరికి హ్యామర్ ముడుచుకుపోయి ఉంది. ఒక పక్క మాంసం ఊడి తెల్లటి ఎముక కనబడ్డది. ఓనర్‌కు ఫోన్ చేస్తే, "నువ్వే చెయ్యి కడుక్కోకుండ పెట్టి ఉంటవ్. అడవిల పెరిగినోనికి ఇవన్ని ఏం తెలుస్తయ్? చస్తే జీతంల కట్" అన్నడు. పరీక్ష ఫీజు కట్టాల్సిన నెల అది. ఆ మాటకు ఏం జవాబు చెప్పాల్నో ఇప్పటికీ తెల్వదు.

ఉప్పు చూసిన, 1.025. వేడి 26 డిగ్రీలు. రెండూ బాగనే ఉన్నయ్. ఇంకేం చెయ్యాల్నో తెల్వక ట్యాంకు ముందర కూసున్న. అప్పుడు కడెం వాగు యాదికొచ్చింది. వల వేసే ముందు బాపు ఒక ఎండుటాకు నీళ్ళల్ల వేసి, అది ఎటు పోతదో చూస్తడు. రాయి ముందర నీళ్ళు కొడతయ్, వెనక సుడి తిరుగుతయ్, ఆ వెనకనే చేప ఆగుతది. (మన గోండిలో యేర్ అంటే నీళ్ళు. తెలుగులో ఏరు అంటే వాగు. చిన్నప్పుడు బడిలో ఈ రెండూ కలిపేసి దెబ్బలు తిన్న.)

చేపల మేత నలిపి చిటికెడు వదిలిన. ఉన్నది ఒకటే పంపు, గంటకు 4000 లీటర్లు తోసేది. పొడి దాని మూతి నుంచి తూటాలాగ పోయి సీదా హ్యామర్‌కు తగిలింది. వెనక మూలలో మాత్రం పొడి అట్లనే కిందికి దిగి కూసుంది. మాంటిపొరా ఆ మూలలోనే ఉంది, దాని మీద ఊదురంగు మడ్డి పేరుకుంది. ఒకటే తొట్టిలో ఒకదానికి తుఫాను, ఒకదానికి కుంట.

పంపు పెద్దదా చిన్నదా అని షాపులో అందరూ లీటర్ల లెక్కే అడుగుతరు. ఆ లెక్క తప్పు కాదు. మెత్తటి పగడాలకు ట్యాంకు నీళ్ళు గంటకు పది, ఇరవైసార్లు తిరిగితే చాలంటరు, మాంటిపొరా లాంటి వాటికి అంతకు ఎక్కువ కావాలె. కానీ ఎటు కొడుతుందన్నది అంతకంటె ముఖ్యం. పగడం ఒంటి మీద కదలని నీళ్ళ పొర పల్చగా అంటుకుని ఉంటది. అది జరిగితేనే కొత్త ఆక్సిజన్ అందుతది. హాస్టల్ రూమ్‌లో ఫ్యాన్ లేకుంటే బట్టలు ఆరవు కద, అట్లనే. అట్లని ఒకే దిక్కు నుంచి గట్టిగ కొడితే మాంసమే చిరుగుతది.

పంపును పక్కకు తిప్పి, మూతి కొంచెం పైకి పెట్టి, ముందు అద్దానికి కొట్టేటట్టు చేసిన. నీళ్ళు అద్దానికి తగిలి విరిగి, అన్ని దిక్కుల పంచుకుని వచ్చినయ్. పైన అలలు లేస్తే ఆక్సిజన్ కూడ కలుస్తది. సార్‌కు మేత వేసి చూపించిన. ఆయన చాయ్ ఇప్పించి, మర్నాడే ఇంకో చిన్న పంపు కొన్నడు. రెండూ ఎదురెదురుగా పెట్టి, వంతులవారీగ నడిచేటట్టు టైమర్ పెట్టినం. వెనక మూలలో మడ్డి పోయింది. ఇసుక లేస్తుంటే మాత్రం మూడుసార్లు మళ్ళ తిప్పాల్సి వచ్చింది.

రెండు వారాలకు హ్యామర్ విచ్చుకుంది. ఐదు తలల్లో రెండు చచ్చినయ్. ఓనర్ 800 కట్ చేసిండు. ఫీజుకు రూమ్మేట్ దగ్గర అప్పు తీసుకున్న.

ఇంకొకటి. హ్యామర్, మాంటిపొరా లాంటి రాతి పగడాలు 1972 వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ 1 కింద ఉన్నయ్, పులితోపాటు. మన సముద్రంలోంచి తీస్తే నేరం. ఇవి ఎక్కడినుంచి వచ్చినయ్ అని ఓనర్‌ని అడిగితే, "నీ పని నువ్వు చూస్కో" అన్నడు. మా చిన్నమ్మ కట్టెల మోపుతో వస్తుంటే దారిలో ఆపి ఎన్ని ప్రశ్నలు వేస్తరో మీకు తెలుసు. కొత్త పగడాలు కొనొద్దని సార్‌కు చెప్పిన. ఆయన సరే అన్నడు. షాపుకు తెలిస్తే నా పని పోతది, అయినా చెప్పిన.

మొన్న బాపుకు ఫోన్లో, "నీ లెక్కనే ఆకు వేసి చూసిన" అన్న.

"ఉప్పు నీళ్ళల్ల ఆకు ఎందుకు వేసినవ్ రా, మురిగి పాడు కాదా?" అన్నడు.

ఆకు కాదు బాపు, మేత అని మళ్ళ మొదటి నుంచి చెప్పిన.