కథ తెలిసినా కదలం

సస్పెన్స్ సినిమా అనగానే మన ఇళ్లలో చాలామంది చెప్పే పేరు వంశీ ‘అన్వేషణ’ (1985). నాకూ ఇష్టమే. కాకపోతే హంతకుడెవరో తెలిశాక రెండోసారి చూస్తే కారం కాస్త తగ్గుతుంది. ఎన్నిసార్లు చూసినా కారం తగ్గని సస్పెన్స్ ఒకటుంది. దాని ఆనవాళ్లు ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్లే దారిలో దొరుకుతాయి. అంతా కలిపి 50 కిలోమీటర్లు.

ఏలూరు పక్కనే, దెందులూరు మండలంలో సోమవరప్పాడు. ఎల్వీ ప్రసాద్ 1908లో పుట్టిన ఊరు. చుట్టూ పొలాలు, మామూలు పల్లెటూరు. ఆయన తీసిన ‘మిస్సమ్మ’ (1955)ని మనం హాయిగా నవ్వుకునే సినిమా అనే అనుకుంటాం. ఒక్కసారి ఆలోచించండి. ఎన్టీఆర్, సావిత్రి ఉద్యోగం కోసం మొగుడూ పెళ్లాల్లా నటిస్తున్నారని మనకి తెలుసు, జమీందారు దంపతులకి తెలీదు. వాళ్లు ఆప్యాయంగా దగ్గరయ్యే కొద్దీ మనకి దడ. అక్కినేని డిటెక్టివ్ వేషాలేస్తూ తప్పిపోయిన మహాలక్ష్మి కాలి మీది పుట్టుమచ్చ కోసం తిరుగుతుంటే, జవాబు మన కళ్లముందే ఉంటుంది.

హిచ్‌కాక్ చెప్పిన సూత్రం కూడా ఇదే. బల్ల కింద బాంబుందని ప్రేక్షకుడికి ముందే చెప్పేస్తే, ఆ బల్ల దగ్గర జరిగే పనికిమాలిన కబుర్లని కూడా ఊపిరి బిగబట్టి వింటాం. చెప్పకుండా పేల్చేస్తే ఒక్క క్షణం ఉలిక్కిపడతాం, అంతే.

భీమడోలు, పూళ్ల దాటి గూడెం చేరితే ఉల్లిపాయల మార్కెట్టు, లారీల రద్దీ. పద్మశ్రీ రేలంగి వెంకట్రామయ్య స్థిరపడి, ‘రేలంగి చిత్రమందిర్’ పేరుతో సినిమాహాలు కట్టించింది ఈ ఊళ్లోనే. ‘మాయాబజార్’ (1957)లో ఆయన లక్ష్మణకుమారుడు. పక్కన కూర్చున్నది శశిరేఖ కాదు, ఘటోత్కచుడు! అది పెళ్లికొడుక్కి తప్ప హాల్లో చంటిపిల్లాడికి కూడా తెలుసు. ఆ కాలు ఎప్పుడు తొక్కుతుందా అని ఎదురుచూడటంలోనే ఉంది మజా అంతా. (రెండు సినిమాల్లోనూ కథ కాలి దగ్గరికే వచ్చింది, చూశారా!) టీకొట్టు దగ్గర ఒక పెద్దాయన్ని అడిగితే, “ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు బాబూ. తొక్కే ముందు ఆయన మొహం చూడాలి” అన్నారు.

మర్నాడు ఏలూరు నుంచి కైకలూరు రోడ్డెక్కా, కొల్లేరు చూద్దామని. ఈ ఎదురుచూపు అక్కడ వేరే రూపంలో కనిపించింది. లంక గ్రామాల వాళ్లకి కథ ముందే తెలుసు. పైన బుడమేరు, తమ్మిలేరు పొంగితే ఆ నీళ్లన్నీ కొల్లేట్లోకే రావాలి. సముద్రంలోకి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచినప్పుడు టీవీలో అందరూ విజయవాడనే చూశారు. ఇక్కడివాళ్లు మాత్రం ఆ నీళ్లు తమ దగ్గరికి ఎప్పుడొస్తాయా అని చూశారు. వచ్చాయి కూడా.

“ఇక్కడ వాన పడక్కర్లేదండీ. ఎండ కాస్తుంటుంది, నీళ్లు ఎక్కుతుంటాయి. రాత్రి లేచి గట్టు మీద పుల్ల పాతి చూసుకుంటాం” అన్నాడు పడవ నడిపే అతను. సామాను ఎప్పుడు సర్దుతారని అడిగా. “పుల్ల మునిగాక” అన్నాడు.

ఆటపాకలో గూడబాతుల్ని చూడాలంటే మాత్రం శీతాకాలంలో, పొద్దున్నే వెళ్లండి.